పళ్లెం చప్పుడుకి తిరిగితే వినబడినట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు పుట్టుచెవుడు గురించే ఉన్నాయి. అందుకని సైనసులు, టాన్సిళ్లు, చెవిలో చీము ప్రశ్నలన్నీ వచ్చే నెలకి దాచి ఈసారి వీటికే జవాబిస్తున్నాను. శ్రీకాకుళంలో 26 ఏళ్లుగా చెవి వైద్యం చేస్తున్నదాన్ని. మొదటి ఉత్తరం చదివాక పత్రిక అచ్చయ్యేదాకా ఆగాలనిపించలేదు. ఆ తల్లికి విడిగా ముందే జవాబు రాసి పోస్టు చేశాను. అదే ఇక్కడ మీ అందరికోసం.

ప్రశ్న: డాక్టరమ్మా, నన్ను మా మేనమామకే ఇచ్చారు. మా పాపకి తొమ్మిది నెలలు. ఎనిమిదో నెలలోనే పుట్టేసింది. అప్పుడు బరువు కిలో నాలుగొందలు. పదహారు రోజులు పెట్టెలో ఉంచారు. కామెర్లొచ్చాయని లైట్ల కింద పెట్టారు, ఇంజెక్షన్లు చేశారు. ఇప్పుడు బొద్దుగా ఉంది, నవ్వుతాది, పాకుతాది. కానీ కుక్కరు కూతేసినా ఉలిక్కిపడదు, పేరు పెట్టి పిలిస్తే తిరగదు. మా అమ్మమ్మే నాకు అత్త. వెనకనించి గరిటతో పళ్లెం కొట్టి, "తిరిగింది చూసావా, దీనికేటీ అవలేదు, మీ మావకీ నాలుగేళ్లకి గానీ మాట రాలేదు" అంటాది. పక్కింటోళ్లేమో గ్రహణం రోజు నువ్వు బయట తిరిగుంటావు అంటన్నారు. తప్పు నాదేనా? ఇంకొన్నాళ్లు చూడమంటారా? దీనికి వైద్యం ఉందా?
ఒక తల్లి, నరసన్నపేట మండలం

జవాబు: అమ్మా, ఆగొద్దు. ఈ వారమే బయల్దేరండి. మిగతాదంతా ఈ మాట తరవాతే.

ముందు ఆ పళ్లెం సంగతి చెప్తాను. మా చిన్నాన్న పొందూరులో నేతగాడు. పుట్టుకతోనే వినబడదు. గుంట మగ్గంలో కాళ్లు దింపుకుని, వీపు మావైపు పెట్టి నేస్తుండేవాడు. అన్నానికి పిలవాలంటే మా నాయనమ్మ గడప దగ్గర నిలబడి మడమతో మట్టినేల మీద ఒక్క దెబ్బ వేసేది. చిన్నాన్న ఠక్కున తిరిగేవాడు. అది చూసి వీధిలో అందరూ "ఆడికి కొంచెం ఇనబడతాది" అనేవారు. నేనూ అదే నమ్మాను. నేల అదురు గుంటలో ఉన్న కాళ్లకి తగిలేదని వైద్యం చదువుకునేదాకా నాకు తట్టలేదు.

మీ ఇంట్లో పళ్లెమూ అలాంటిదే. కొట్టే చెయ్యి ఊగుతుంది, నీడ పడుతుంది, నేల కదులుతుంది, ఎదురుగా కూర్చున్న మీ చూపు పాప వెనక్కి వెళ్తుంది. వినబడని పిల్లలు ఇవన్నీ ఇట్టే పట్టేస్తారు. వాళ్లకి ఉన్న తెలివంతా కళ్లల్లోకీ ఒంట్లోకీ వచ్చేస్తుంది. ఇంకొకటి కూడా ఉంది. మనం మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెళ్లు. చెవి దగ్గర స్టీలు పళ్లెం మోగితే 90 దాకా పోతుంది. పళ్లెం నిజంగానే వినబడి, అమ్మ మాట మాత్రం అసలు అందని పిల్లలు ఎందరో ఉన్నారు.

మీ అత్తగారిని నేను తప్పు పట్టను. ఈ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆమదాలవలస వైపునుంచి ఒకావిడ పది నెలల బాబుని తెచ్చింది. వెనక నిలబడి చప్పట్లు కొట్టాను, తిరిగాడు. "బాగానే ఉన్నాడమ్మా, రెండేళ్లు నిండనీ" అని పంపేశాను. మళ్లీ ఆవిడ వచ్చేసరికి వాడికి మూడున్నరేళ్లు. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ 90 డెసిబెళ్లకి కూడా పలకలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు రెండేళ్లన్నారు, నేను ఇంకా ఎక్కువే ఆగాను కదమ్మా" అంది. ఆగడం మంచిదని నేను చెప్పానుగనక మంచిపనే చేశాననుకుంది ఆ తల్లి. ఆ రోజునుంచి నా గదిలో చప్పట్లు కొట్టి ఏ బిడ్డనీ ఇంటికి పంపలేదు.

నిజమైన పరీక్షలు రెండున్నాయి. ఓఏఈ అన్నది మొదటిది. చెవిలో మెత్తటి తొడుగున్న చిన్న గొట్టం పెట్టి టిక్కుటిక్కుమని శబ్దం పంపుతారు. లోపలి చెవిలో నత్తగుల్లలాగా చుట్టుకున్న భాగం కాక్లియా. దాంట్లోని వెంట్రుక కణాలు బాగుంటే సన్నటి ప్రతిధ్వని వెనక్కి వస్తుంది. దాన్ని పట్టుకుని యంత్రం 'పాస్' అంటుంది. రెండు మూడు నిమిషాల పని. కానీ మీ పాపకి ఇదొక్కటే చాలదు. నెలలు నిండక పుట్టి, కామెర్లు బాగా ఎక్కిన బిడ్డలకి కాక్లియా చక్కగా ఉండి, అక్కడినుంచి మెదడుకి వెళ్లే నరం దారి దెబ్బతినవచ్చు. అప్పుడు యంత్రం పాస్ అంటుంది, బిడ్డకి మాట మాత్రం అందదు. పెట్టెలో ఉండి వచ్చిన బిడ్డకి ఎవరు పాస్ కాగితం చేతిలో పెట్టినా, "బేరా కూడా చెయ్యండి" అని అడగండి.

ఈ బేరాయే రెండో పరీక్ష. ఇందులో నుదుటి మీదా చెవుల వెనకా చిన్న బిళ్లలు అంటిస్తారు. చెవిలో శబ్దం పెడతారు. శబ్దం నరం వెంట మెదడు కాండం దాకా వెళ్లేటప్పుడు పుట్టే సన్నటి విద్యుత్తుని కంప్యూటరు గీతగా చూపిస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. బిడ్డ నిద్రపోవాలి, అంతే. చిక్కంతా ఆ నిద్ర దగ్గరే. నరసన్నపేటలో బస్సెక్కి పాపని ఒళ్లో వేసుకుంటే సింగుపురం వచ్చేసరికి నిద్రపోతుంది. ఆసుపత్రి దగ్గర దిగేసరికి కళ్లు విప్పార్చుకుని ఆటలు మొదలెడుతుంది. పరీక్ష కుదరదు, ఇంకో తారీఖు ఇస్తారు. ఇలా మూడుసార్లు తిరిగి విసుగొచ్చి మానేసిన వాళ్లున్నారు. కాబట్టి ముందురోజు రాత్రి పొద్దుపోయాక పడుకోబెట్టండి, తెల్లారకముందే లేపండి, బస్సులో కిటికీ దగ్గర కూర్చుని ఏదో ఒకటి చూపిస్తూ మెలకువగా ఉంచండి. పాలు ఆ గదిలోకి వెళ్లాకే పట్టండి. అప్పటికీ పడుకోకపోతే నిద్రమందు సిరప్ ఇస్తారు. అది డాక్టరు కళ్లముందే పట్టాలి, ఇంట్లో వేసి తీసుకురాకండి.

ఆ గది నాకు రోజూ అలవాటే. అయినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. లైటు ఆర్పేసి ఉంటుంది. పాప పెదాలు నిద్రలో పాలు తాగుతున్నట్టు కదులుతుంటాయి. అమ్మ చీర కొంగు ముడి పిడికిట్లో ఉంటుంది. తెర మీద గీత ఎగుడుదిగుడుగా నడుస్తుంది. ఐదో శిఖరం అని ఒకటుంటుంది, నా కళ్లు దాని కోసమే వెతుకుతాయి. శబ్దం తగ్గిస్తూ తగ్గిస్తూ 30 డెసిబెళ్ల దగ్గర కూడా ఆ శిఖరం నిలబడితే వినికిడి బాగున్నట్టే. 90 దగ్గరా గీత చదునుగానే ఉంటే, లైటు వేసి అమ్మ మొహంలోకి చూసేముందు నేను ఒక నిమిషం ఆగుతాను.

శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజనాసుపత్రి, మనం ఇంకా రిమ్స్ అనే పిలుస్తున్నాం, అక్కడ ఈఎన్టీ విభాగంలో చూపించండి. వెంటనే బేరా కుదరకపోతే తారీఖు రాయించుకుని ఇంటికొచ్చి కూర్చోకండి. విశాఖ కేజీహెచ్‌కి గానీ, అక్కడి ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రికి గానీ రాయించుకుని వెళ్లండి. పాప డిశ్చార్జి కాగితాలు తప్పకుండా పట్టుకెళ్లండి. కామెర్లు ఎంతదాకా ఎక్కాయో, ఏ ఇంజెక్షన్లు ఎన్ని రోజులు చేశారో అందులో ఉంటుంది.

ఇంత తొందర ఎందుకంటే, కాక్లియా కడుపులో ఐదో నెలకే తయారైపోతుంది. ఆ తరవాత నెల, నెలన్నరకల్లా బిడ్డ అమ్మ గొంతు వినడం మొదలెడుతుంది. వినబడే బిడ్డ నేలమీద పడేటప్పటికే రెండు మూడు నెలల పాఠం అయిపోయి ఉంటుంది. మెదడులో మాట కోసం ఉంచిన చోటు ఖాళీగా పడుంటే, దున్నకుండా వదిలేసిన మడిలో తుంగ మొలిచినట్టు చూపూ స్పర్శా వచ్చి ఆక్రమిస్తాయి. మొదటి మూడేళ్లలో ఆ మడి మెత్తగా ఉంటుంది. అందుకే పుట్టిన నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చెవికి మిషను అని ప్రపంచమంతా ఒక లెక్క పెట్టుకున్నారు. మీరు ఆ లెక్క దాటారు. అయినా తొమ్మిది నెలలు చాలా మంచి వయసే. నా దగ్గరికి మన జిల్లాలో ఇంకా మూడేళ్లకీ నాలుగేళ్లకీ తెస్తున్నారు.

ఇక తప్పు ఎవరిది అన్నది. గ్రహణానికీ చెవికీ ఏ సంబంధమూ లేదు. సూర్యుడి మీద నీడ పడితే కడుపులో బిడ్డ చెవి పాడవదు. మీ పాప విషయంలో అనుమానించాల్సినవి చాలా ఉన్నాయి: నెలలు నిండకపోవడం, కిలోన్నర లోపు బరువు, కామెర్లు. పెట్టెలో ఉన్న బిడ్డలకి ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులూ కొందరి చెవికి పడవు. అలాగని ఆ ఇంజెక్షన్ చేసినవాళ్లని తిట్టుకోకండి. రక్తంలో చీము పట్టిన కిలో నాలుగొందల బిడ్డని బతికించేవి అవే. వీటితోపాటు మేనమామ సంబంధం కాబట్టి జన్యువుల కారణం కూడా ఉండొచ్చు, దాని గురించి కింద రెండో జవాబులో రాశాను, అదీ చదవండి. కడుపుతో ఉన్నప్పుడు మీకు తెలియకుండా వచ్చిపోయే సీఎంవీ అనే వైరస్ ఇంకొక కారణం. పైకి మామూలు జలుబులా ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పుట్టిన మూడు వారాల్లోపు బిడ్డ మూత్రంలోనో ఉమ్మిలోనో వెతికితేనే అది ఖాయంగా తేలుతుంది. ఇన్ని కారణాల్లో మీరు చెయ్యి పెట్టి చేసింది ఒక్కటీ లేదమ్మా.

వైద్యం ఉంది. చెడిపోయిన వెంట్రుక కణాల్ని మళ్లీ మొలిపించే మందు మాత్రం లేదు. చెవిలో వెల్లుల్లి నూనె, ఆకుపసరు, ఇంకేదైనా సరే, పోయొద్దు. లోపం తేలిన వెంటనే రెండు చెవులకీ చెవి మిషన్లు పెడతారు. పాప చెవిలోకి మెత్తటి పదార్థం నింపి, గట్టిపడ్డాక తీసి, ఆ అచ్చుతో మోల్డ్ చేస్తారు. తొమ్మిది నెలల బిడ్డ చెవి చకచకా పెరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలలకే అది వదులైపోయి కీచుమని ఈల వేస్తుంది. మిషను పాడైందని డబ్బాలో పెట్టెయ్యకండి, కొత్త మోల్డ్ చేయించండి. పాప లాగి పారేస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది. రెండు మిషన్లకీ దారం కట్టి గౌను వెనక పిన్నీసుతో తగిలించండి.

లోపం బాగా ఎక్కువుండి, మిషన్లతో మూడు నుంచి ఆరు నెలల్లో మాటకి స్పందన రాకపోతే కాక్లియర్ ఇంప్లాంట్. ఏడాది వయసులో చేయించడం మంచిది. ముందు స్కానింగులు తీసి కాక్లియా ఆకారం, వినికిడి నరం సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. నరమే లేకపోతే ఇంప్లాంటు పనిచెయ్యదు. న్యుమోనియా, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా న్యుమోకోకల్ టీకా వేయించి ఉండాలి. చెవి వెనక కోసి, పాడైన కణాల పని తాను చేసేలా సన్నటి తీగని కాక్లియాలోకి దూరుస్తారు. బయట చెవి మీద ఒక యంత్రం, తలకి అయస్కాంతంతో అంటుకునే బిళ్ల ఉంటాయి. ఆపరేషన్ అయిన మూడు నాలుగు వారాలకి దాన్ని ఆన్ చేస్తారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. మీలాంటివాళ్లు చేతినుంచి పెట్టుకోలేరు, పెట్టక్కర్లేదు కూడా. మనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే రాష్ట్ర పథకంలోనూ, కేంద్రం వారి ఏడిప్ పథకంలోనూ చిన్నపిల్లలకి ఇది ఉచితంగా చేస్తారు. రెండిటికీ వయసు పరిమితి ఉంది. ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర మొదటిరోజే అడిగి, కార్డు, పాప ఆధార్ సిద్ధం చేసుకోండి. పరీక్షలు అయ్యాక కాగితాల కోసం తిరిగితే ఆ నెలలు పాప మాటల్లోంచి పోతాయి.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు. పుట్టుచెవుడని తేలింది. నేనూ నా భార్యా బాగానే వింటాం. మాది మేనరికం కాదు, బయటి సంబంధమే. మా అమ్మ "పిల్ల వైపునుంచే వచ్చింది" అంటోంది. మా అత్తగారు "మా వంశంలో ఏడు తరాల్లో లేదు" అంటున్నారు. ఇంట్లో మాటలు లేవు. రెండో బిడ్డకి కూడా వస్తుందా?
ఒక తండ్రి, చీపురుపల్లి

జవాబు: బాబూ, ఈ ఉత్తరం మీ అమ్మగారికీ అత్తగారికీ ఒకే గదిలో కూర్చోబెట్టి చదివి వినిపించండి.

పుట్టుచెవుడున్న పిల్లల్లో 90 శాతానికి పైగా బాగా వినే అమ్మానాన్నలకే పుడతారు. జన్యువు ప్రతిదీ మన ఒంట్లో జంటగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకొకటి నాన్న ఇచ్చింది. గదిలో రెండు బల్బులున్నాయనుకోండి, ఒకటి మాడిపోయినా వెలుతురు ఉంటుంది. మీ ఇంట్లో చాలావరకు జరిగింది ఇదే అయ్యుంటుంది: మీలో ఒకటి మాడింది, మీ భార్యలోనూ అదే మాడింది. మీ ఇద్దరి గదుల్లోనూ వెలుతురుంది కాబట్టి ఏడు తరాలుగా ఎవరికీ తెలియలేదు. బాబుకి మీ నుంచీ మాడినదే వచ్చింది, ఆవిడనుంచీ మాడినదే వచ్చింది. ఒక్క వైపునుంచి వచ్చి ఉంటే బాబుకి వినబడేది. కాబట్టి మీ అమ్మగారి మాటా చెల్లదు, మీ అత్తగారి మాటా చెల్లదు. ఇద్దరివీ కలిస్తేనే ఇలా అవుతుంది.

పుట్టుచెవుడులో సగానికి పైగా జన్యువులవల్లే. వాటిలో ఎక్కువ ఈ తరహావే. అన్నిటికన్నా తరచుగా దొరికేది జీజేబీ2 అనే జన్యువు. చెవుడుకి దీనితో ఉన్న సంబంధం 1997లో బయటపడింది. మన దేశంలో ఇందులో డబ్ల్యు24ఎక్స్ అనే మార్పు ఎక్కువగా కనబడుతుంది. బయటి సంబంధం అన్నారు గానీ, మనం బయటి సంబంధం అనేది ఎంత దూరంనుంచి తెస్తున్నాం? అదే కులం, అవే పది పదిహేను ఊళ్లు. తాతల కాలంలో ఎక్కడో ఒకే ఇంటి నీళ్లు తాగిన వాళ్లమే. మేనమామ, మేనకోడలైతే ఆ దూరం మరీ తగ్గిపోయి ఒకే మాడిన బల్బు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం బాగా పెరుగుతుంది. మేనరికం చేసుకున్న వాళ్లని నిందించడానికి ఈ మాట అనడం లేదు. మా చిన్నాన్న పుట్టింది కూడా మేనరికంలోనే. కానీ ఇంట్లో ఒక్కరికి పుట్టుచెవుడున్నా, ఆ ఇంట్లో మళ్లీ మేనరికం అనే మాట ఎత్తేవాళ్లని గట్టిగా ఆపండి. ఆస్తి బయటికి పోతుందని చూసుకుంటే ఇదిగో ఇలా ఇంకోటి లోపలికొస్తుంది.

రెండో బిడ్డ సంగతి. ఇద్దరి దగ్గరా ఉన్నది ఇదే తరహా అయితే ప్రతి కాన్పులోనూ 4 వంతుల్లో ఒక వంతు చెవుడు రావచ్చు, 3 వంతులు రాకపోవచ్చు. మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి ఇంక మూడు కాన్పులు భయం లేదన్నది తప్పు లెక్క. ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. బాబు రక్తంతో జన్యు పరీక్ష చేయించి, కాగితం పట్టుకుని జన్యు సలహా ఇచ్చే వైద్యుల దగ్గర ఇద్దరూ కూర్చోండి. రెండో బిడ్డ పుట్టిన వారంలోనే బేరా రాయించండి. బాబుది జీజేబీ2 అయితే ఒక మంచి మాట చెప్తాను: అందులో నరం బాగానే ఉంటుంది, అలాంటి పిల్లలు ఇంప్లాంటుతో బాగా మాట్లాడతారు.

కారణం ఏదైనా బాబుకి ఒక్కసారి ఈసీజీ తీయించండి. పుట్టుచెవుడుతోపాటు గుండె లయ తప్పే అరుదైన జబ్బొకటుంది. పిల్లలు పరిగెత్తుతూ, ఏడుస్తూ స్పృహ తప్పిపోతారు, ప్రాణాపాయం. పది నిమిషాల ఈసీజీతో బయటపడుతుంది. కళ్లు కూడా చూపించండి. కొందరికి పెరిగేకొద్దీ రేచీకటి వస్తుంది.

జన్యువునే సరిచేసే చికిత్స వచ్చిందట కదా అని కొందరు అడుగుతుంటారు. ఓటీఓఎఫ్ అనే జన్యువు లోపంతో పుట్టిన కొందరు పిల్లలకి చైనాలో చెవిలోకి మంచి జన్యువుని పంపితే వినికిడి వచ్చినట్టు 2024లో ప్రచురించారు. ఆ లోపం అరుదు. జీజేబీ2కి ఇంకా అలాంటిది చేతికి రాలేదు. దాని కోసం ఎదురుచూస్తూ మిషను మానెయ్యొద్దు.

ప్రశ్న: మా మనవడికి మూడేళ్లప్పుడు చెవి వెనక ఆపరేషన్ చేసి మిషను పెట్టారు. ఏడాదైంది. ఇంకా 'అమ్మ' అని తప్ప ఏటీ అనడు. వాళ్లమ్మ కూలికెళ్తే నేను జీడి ఫ్యాక్టరీకి తీసుకుపోతాను, నా పక్కనే ఆడుకుంటాడు. మిషను పోతాదని ఆదివారం తప్ప పెట్టం. ఆపరేషన్ పనికిరాలేదా, బాబూ?
ఒక అమ్మమ్మ, పలాస

జవాబు: పెద్దమ్మా, ఆపరేషన్ పనికిరాలేదని నేననుకోను. పిల్లాడికి నాలుగేళ్లు, వాడి చెవికి మాత్రం ఒక్క ఏడాదే. అదీ ఆదివారాలు మాత్రమే లెక్కేస్తే వాడు విన్నది యాభై రోజులు. యాభై రోజుల పసిగుడ్డు 'అమ్మ' అంటే మీరెంత పొంగిపోయేవారు!

మిషను పోతుందని భయం మీది. అది నాకు బాగా తెలుసు. పొలం అమ్మినా మళ్లీ కొనలేని వస్తువు. కానీ అది డబ్బాలో ఉన్నంతసేపూ వాడి మెదడుకి నిశ్శబ్దమే. కళ్లు తెరిచినప్పటినుంచి నిద్రపోయేదాకా ఉండాలి, స్నానానికి మాత్రం తియ్యాలి. దారం కట్టి చొక్కాకి తగిలించండి. రాత్రి సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టండి. మన సముద్రపు గాలిలో తేమకి వైర్లు తొందరగా పోతాయి. గుళికలు రంగు మారాయంటే అవి పనిచెయ్యడం లేదని.

రోజూ పొద్దున మిషను పెట్టగానే వాడి పక్కన కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు పలకండి: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. ఒక్కోటి విన్నప్పుడల్లా గిన్నెలో ఒక జీడిపిక్క వెయ్యమని వాడికి ఆటలా నేర్పండి. మాటలోని గొంతులన్నీ, లావు గొంతునించి సన్నటి ఈల దాకా, ఈ ఆరింట్లో వచ్చేస్తాయి. నిన్న ఆరు పిక్కలు పడి ఇవాళ నాలుగే పడితే మిషనులో తేడా ఉందని మీకే తెలుస్తుంది. ఫోను చెయ్యండి, మ్యాపింగుకి తీసుకెళ్లండి. మ్యాపింగంటే లోపలి తీగకి ఎంత కరెంటు అందాలో సరిచేయడం. మొదటి ఏడాది చాలాసార్లు చెయ్యాలి. మీరు ఎన్నిసార్లు వెళ్లారో ఉత్తరంలో రాయలేదు. అన్నిటికన్నా ముందు అది కనుక్కోండి.

పిక్కలు కొట్టే చోట ఆ చప్పుడులో వాడికి మీ మాట విడిగా దొరకదు. అక్కడికి తీసుకెళ్లడం తప్పదంటే తప్పదు, సరే. ఇంటికొచ్చాక టీవీ ఆపేసి ఒక గంట మీరూ వాడూ. బియ్యం కడుగుతూ "బియ్యం కడుగుతున్నాం, నీళ్లు పోశాం, బుడుంగుమంది" అంటూ పక్కనుంచి మామూలు గొంతుతో చెప్పండి. అరవకండి, పెదాలు సాగదీయకండి. వారానికొకసారైనా మాట నేర్పే థెరపిస్టు దగ్గరికి వాళ్లమ్మ వెళ్లాలి. ఆ రోజు కూలి పోతుంది. పోనివ్వండి.

ఒకవేళ ఇవన్నీ చేసినా మాట అనుకున్నంత రాకపోతే? ఆ ప్రశ్న మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. మా చిన్నాన్నని ఊరంతా "మూగోడు" అని పిలిచేది. ఆయనకో పేరుందని చాలామందికి తెలియదు. ఆయన, మా నాయనమ్మ కలిసి ఇంట్లో వంద సైగలైనా కల్పించుకుని ఉంటారు. ఆవిడ పోయాక ఆ సైగలు అర్థమయ్యే మనిషి ఇంకొకరు లేరు. భారతీయ సైగ భాష ఒక భాష, దానికి వ్యాకరణం ఉంది, 2015నుంచి ఢిల్లీలో ప్రభుత్వ పరిశోధన కేంద్రమే ఉంది. ఆలస్యంగా మిషను పెట్టిన పిల్లలకి మాటతోపాటు సైగ కూడా నేర్పితే మాట చెడిపోతుందని భయపడక్కర్లేదు. వాడితో మాట్లాడే మనుషులు ఎక్కువమంది ఉండాలి, అది ముఖ్యం.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. బాలింతల ఇళ్లకి వెళ్తుంటాను. ఏ బిడ్డల్ని చెవి పరీక్షకి ముందు పంపాలి? పెళ్లి కావాల్సిన అమ్మాయిలకి రుబెల్లా సూది వేయించవచ్చా?
కొత్తవలస మండలం

జవాబు: వేయించాలి, తప్పకుండా. కడుపుతో ఉన్న మొదటి మూడు నెలల్లో రుబెల్లా తగిలితే బిడ్డకి చెవుడు, కంట్లో శుక్లం, గుండెలో లోపం వస్తాయి. 2017నుంచి మన రాష్ట్రంలో పిల్లలకి తట్టు, రుబెల్లా రెండూ రాకుండా ఎంఆర్ టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి వేస్తున్నారు. అంతకుముందు పుట్టి టీకా పడని అమ్మాయిలకి పెళ్లికి ముందే వేయించండి. గర్భంతో ఉన్నవాళ్లకి వెయ్యకూడదు. సూది తరవాత కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోమనండి.

బిడ్డల విషయంలో, నిజానికి అందరినీ పంపాలి. పుట్టుచెవుడున్న పిల్లల్లో సగంమందికి ముందు ఏ గుర్తూ ఉండదు. కానీ వీళ్లని మాత్రం మీరే వెంటబడి పంపండి: పెట్టెలో ఉండి వచ్చినవాళ్లు, కిలోన్నర లోపు బరువు, పుట్టగానే ఏడవనివాళ్లు, కామెర్లకి రక్తం మార్చినవాళ్లు, చెవి డొప్ప సరిగా లేనివాళ్లు, మేనరికం ఇళ్లవాళ్లు, ఇంట్లో ఇంకొకరికి పుట్టుచెవుడున్నవాళ్లు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చి తగ్గిన బిడ్డైతే ఆ వారమే పంపాలి. అందులో కాక్లియా లోపల ఎముక పేరుకుని మూసుకుపోతుంది, ఆలస్యమైతే ఇంప్లాంటు తీగ దూరదు.

మీరు మూడో రోజు, ఏడో రోజు వెళ్తారు కదా, బరువు, జ్వరం, బొడ్డు చూసినప్పుడే డిశ్చార్జి కాగితం అడిగి తీసుకుని చెవి పరీక్ష గురించి ఏమైనా రాశారో చూడండి. ఏమీ లేకపోతే మీ రిజిస్టర్లో ఆ పేరు పక్కన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బండి మీ అంగన్‌వాడీకి వచ్చేదాకా చూడకుండా ఏఎన్ఎమ్‌కి చెప్పి ఆ నెలలోనే విజయనగరమో, మీకు విశాఖ దగ్గర కాబట్టి అక్కడికో పంపండి. నెల తిరిగాక ఆ ఇంటికి మళ్లీ వెళ్లినప్పుడు "తీసుకెళ్లారా?" అని అడగొద్దు. కాగితం చూపించమనండి.